పొద్దున్నే 26 తుమ్ములు: అలర్జీ టెస్టు చేయించాలా, మిక్సీ కొనాలా?

నాగావళి_గట్టు
ఆరేళ్లుగా ఇదే వరస. మంచం దిగకముందే తుమ్ములు మొదలు. లెక్కపెట్టిన రోజున 26 వచ్చాయి. ఆ తర్వాత ముక్కు నీళ్లలా కారుతుంది, తొమ్మిదింటికల్లా మూసుకుపోతుంది, కళ్లు దురద. మధ్యాహ్నానికి మామూలు మనిషినవుతాను. సెట్రిజిన్ వేసుకుంటే ఆ పూట గడుస్తుంది గానీ ఆఫీసులో కునుకు. మానేస్తే మళ్లీ మొదటికే. మాది శ్రీకాకుళం, నది గట్టుకి దగ్గర్లోనే ఇల్లు.

నిన్న ఒక ల్యాబ్ నుంచి ఫోన్. ఇంటికొచ్చి రక్తం తీసుకుంటారట, 200 పైచిలుకు వస్తువుల్లో దేనికి పడదో ఒక్క దెబ్బకి చెప్పేస్తారట. 9,000 చిల్లర, ఈ వారంలో అయితే తగ్గింపు. మా ఆవిడ "ఆ డబ్బుతో మంచి మిక్సీ వస్తుంది" అంటోంది. బావమరిది "చేయించెయ్ బావా, సంగతి తేలిపోద్ది" అంటున్నాడు. ఇక్కడ ఎవరైనా చేయించుకున్నారా? తేలిందా?

బొబ్బిలి_బుల్లోడు
26 తుమ్ములా! శకునం చూసుకుని గడప దాటేవాళ్లు మీ వీధిలో ఉంటే ఈపాటికి ఉద్యోగాలు పోయుంటాయి గురూ.

గంటస్తంభం
నేను చేయించాను, విజయనగరంలో. నా కథ విని డబ్బు దాచుకోండి. రిపోర్టు 11 పేజీలు, రంగురంగుల గీతలు. గోధుమ, వంకాయ, గుడ్డు, పాలు, వేరుశనగ, అరటిపండు అన్నీ ఎరుపే. దాంతోపాటు ఏం తినాలో ఏం మానాలో ఒక చార్టు కూడా ఇచ్చారు. నాలుగు నెలలు నిష్ఠగా పాటించాను. సిరిమాను పండక్కి వచ్చిన చుట్టాలంతా విస్తళ్ల నిండా వడ్డించుకుంటే నేనొక్కడినే చారూ అన్నం. 6 కిలోలు తగ్గాను. ప్యాంట్లు వదులయ్యాయి. తుమ్ములు మాత్రం ఒక్కటి తగ్గలేదు.

గోనెసంచి
అన్నీ దండగ అనేస్తే ఎలా? నాకు టెస్టే దారి చూపింది. జనపనార మిల్లులో పని నాది. ముక్కు కారుతోందంటే ఇంట్లో వాళ్లు, వీధిలో వాళ్లు, ఆఖరికి క్షవరం చేసే ఆయన కూడా "నార దుమ్మే, మిల్లు మానెయ్" అన్నవాళ్లే. నిజంగానే మానేద్దామనుకున్నా. విశాఖలో ఒక డాక్టరు గారు చేతి మీద చుక్కలు వేసి గుచ్చి చూశారు. ఇంటి దుమ్ములో పురుగుకీ, బొద్దింకకీ బుడిపెలు లేచాయి. అప్పుడాయన అడిగిన ప్రశ్న: "ఆదివారం తగ్గుతుందా, పెరుగుతుందా?" ఆలోచిస్తే ఆదివారం ఇంట్లో పడుకున్న రోజే ఎక్కువ! ఆ ప్రశ్న నన్ను నేను వేసుకుని ఉంటే రెండేళ్లు కలిసొచ్చేవి. మిల్లు మానలేదు, ఇంకా అక్కడే ఉన్నా.

మందుల_కొట్టు
19 ఏళ్లుగా కౌంటర్లో ఉన్నాను కాబట్టి ఒకటి అడుగుతా. గట్టు గారూ, ముక్కు మూసుకున్నప్పుడు చుక్కలు ఏమైనా వేసుకుంటున్నారా?

నాగావళి_గట్టు
వేసుకుంటా. రాత్రి పడుకునే ముందు రెండు చుక్కలు. ఒక్కోసారి తెల్లారుజామున కూడా. ఎందుకు?

మందుల_కొట్టు
ఎన్నాళ్లుగా?

నాగావళి_గట్టు
రెండేళ్లు ఉంటుందేమో.

బొబ్బిలి_బుల్లోడు
దొంగ దొరికాడు.

మందుల_కొట్టు
సగం దొంగ. సీసా మీద ఆక్సీమెటాజోలిన్ అనో జైలోమెటాజోలిన్ అనో ఉంటుంది చూడండి. వేసిన రెండు నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది, అందుకే జనానికి అంత ఇష్టం. వారం లోపే ఆపాల్సిన మందు అది. దాటితే మందు దిగిపోగానే లోపలి పొర మునుపటికంటే ఎక్కువ వాస్తుంది. మళ్లీ చుక్క, మళ్లీ వాపు. నెలకి నాలుగు సీసాలు కొనేవాళ్లు నాకు తెలుసు. జేబులో సీసా లేకపోతే పెళ్లికి కూడా వెళ్లరు. వద్దని చెబితే పక్క కొట్టుకి పోతారు, ఏం చెయ్యను. మీ తొమ్మిదింటి దిబ్బడలో చుక్కల వాటా ఎంతో, అలర్జీ వాటా ఎంతో ఏ రక్తపరీక్షా చెప్పదు.

ఈఎన్‌టీ_పీజీ
పైన కొట్టు గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఈఎన్‌టీలో పీజీ రెండో ఏడు. గంటస్తంభం గారూ, మీ రిపోర్టు ఇంకా ఉంటే పైన ఐజీఈ అని ఉందా, ఐజీజీ అని ఉందా చూసి చెప్తారా?

గంటస్తంభం
బీరువాలోంచి తీశా. ఐజీజీ 4 అని ఉంది. ఏంటి తేడా?

ఈఎన్‌టీ_పీజీ
తేడా మీ 6 కిలోలు.

రెండూ ఒంటి రక్షణ వ్యవస్థ తయారుచేసే యాంటీబాడీలే, రకాలు వేరు. ఐజీజీ మనం తిన్న తిండికి మామూలుగా పుట్టేదే. వారానికి మూడుసార్లు వంకాయ తినేవాడి రక్తంలో వంకాయ ఐజీజీ లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. అది ఒంటికి ఆ తిండి అలవాటైందనడానికి గుర్తు, పడదనడానికి కాదు. అలర్జీ నిర్ధారణకి దాన్ని వాడొద్దని అలర్జీ వైద్యుల సంఘాలు ఎప్పుడో చెప్పాయి. తుమ్ములకీ, దురదకీ సంబంధించింది ఐజీఈ.

అలాగని ఐజీఈ వచ్చిందంటే కేసు తేలినట్టు కాదు. ఒంట్లో ఆ వస్తువు మీద ఒక అనుమానపు ఫైలు తెరిచి ఉందని దాని అర్థం, అంతే. ఫైలు ఉండి, జీవితంలో ఒక్కసారీ ఇబ్బంది పడనివాళ్లు బోలెడుమంది. అందుకే మా మేడమ్ పేషెంటు రాగానే టెస్టు రాయరు. ఏ వేళలో వస్తుంది, ఏ గదిలో, ఏ నెలలో, ఊరెళ్తే తగ్గుతుందా, పిల్లి ఉందా, గోడకి చెమ్మ ఉందా, ఒక ముక్కా రెండూనా అని ముందు వరసగా అడుగుతారు. ఆ జవాబుల్లోంచి ఓ పదీ పదిహేను వస్తువులకి అనుమానం కుదిస్తారు. వాటికే టెస్టు. 200 వస్తువులకి వల వేస్తే చేప పడకపోయినా చెత్త పడుతుంది. పైగా ముక్కు బాధ ఒక్కటే ఉన్న పెద్దవాళ్లలో తిండి కారణమవడం చాలా అరుదు.

గంటస్తంభం
నాలుగు నెలలు. గుత్తివంకాయ లేకుండా.

భావనపాడు_బోటు
నాది ఐజీఈ టెస్టే. దుమ్ము పురుగుకి చాలా ఎక్కువ వచ్చింది, దాని కింద రొయ్యలు కూడా గ్రేడ్ 2 అని వచ్చింది. సముద్రం ఒడ్డున పుట్టాను, పాలు మానేసిన రోజు నుంచి రొయ్యలు తింటున్నా. ఒంటి మీద ఒక్క దద్దురు లేదు. ల్యాబ్ వాళ్లు మానెయ్యమన్నారు. మా అమ్మ ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టింది. తప్పు చేసిందా?

ఈఎన్‌టీ_పీజీ
కాగితం దాచుకోవాల్సింది గానీ తీర్పు మాత్రం సరైనదే. దుమ్ము పురుగు, బొద్దింక, రొయ్య, పీత అన్నీ దూరపు చుట్టాలు. వాటి కండరాల్లో ట్రోపోమయోసిన్ అనే ప్రోటీను ఉంటుంది, ఒకదానికీ ఇంకోదానికీ పోలిక ఎక్కువ. దుమ్ము పురుగు మీద పుట్టిన యాంటీబాడీ రొయ్యని కూడా చూసి "నువ్వూ వాడి తమ్ముడివే కదా" అంటుంది. ఏ బాధా లేకుండా తింటున్నవాళ్లు కాగితం చూసి మానక్కర్లేదు. రొయ్యలు తిన్నాక పెదవులు వాచడం, ఒళ్లంతా దద్దుర్లు, గొంతు బిగుసుకోవడం, ఆయాసం ఒక్కసారి వచ్చినా కథ పూర్తిగా వేరు. వాళ్లు ఇంట్లో ప్రయోగాలు చెయ్యకుండా డాక్టరుని కలవాలి.

బొబ్బిలి_బుల్లోడు
అంటే నా ముక్కు బొద్దింకని చూసి తుమ్మితే అది రొయ్యల వేపుడు అనుకుని ఆశపడినట్టా?

పొందూరు_పిన్ని
ఆశ కాదు నాయనా, భయం. మా ఇంటి కథ చెప్తా. మా మనవరాలు నాలుగేళ్లది, ముక్కు కారుతోందని మూడు నెలలు అలర్జీ సిరప్ పోశారు. టెస్టులు కూడా రాశారు. నాకు అనుమానం ఏంటంటే కుడి ముక్కే కారుతోంది, ఎడమది శుభ్రం. పైగా దగ్గరికి తీసుకుంటే వాసన. అమ్మాయితో పోట్లాడి ముక్కు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే లైటు వేసి చూసి, చిన్న కొక్కెం పెట్టి పూస తీశారు. గొలుసు తెగిన రోజు పూసలన్నీ దొరికాయనే అనుకున్నాం.

ఈఎన్‌టీ_పీజీ
పిన్ని గారికి దండం. చిన్నపిల్లల్లో ఒకే పక్క కారుతూ వాసన వస్తుంటే ముందు అదే అనుమానించాలి. పెద్దవాళ్లలో కూడా ఒకే పక్క దిబ్బడ, రక్తం పడటం, వాసన తెలియకపోవడం, చిక్కటి పచ్చ చీమిడి, ముఖంలో నొప్పి ఉంటే అలర్జీ టెస్టు కంటే ముందు గొట్టం కెమెరాతో లోపల చూడాలి. దూలం వంకర, పాలిప్‌లు (ముక్కు లోపల పెరిగే మెత్తటి కండలు), సైనస్ ఇవన్నీ రక్తంలో కనపడవు.

రాజాం_రైలు
గుచ్చే టెస్టు గురించి నా అనుభవం. పొద్దున్నే బస్సెక్కి విశాఖ వెళ్లా. చేతి లోపలి వైపు పెన్నుతో గీతలు గీసి, ఒక్కో చుక్క వేసి, చిన్న సూదిలాంటి దాంతో పైపైన గుచ్చారు. రక్తం రాదు, దోమ కుట్టినంత. ఒక చుక్క ఉప్పునీళ్లు, అది పొంగకూడదు. ఒక చుక్క హిస్టమిన్ (అలర్జీలో ఒంట్లో దురద, వాపు తెచ్చే రసాయనం), అది తప్పనిసరిగా పొంగాలి. 15, 20 నిమిషాలాగి స్కేలుతో కొలుస్తారు. ఉప్పునీళ్ల చుక్క కంటే 3 మిల్లీమీటర్లు ఎక్కువుంటే పాజిటివ్.

నాకు ఏదీ పొంగలేదు. సంబరపడ్డా. హిస్టమిన్ చుక్క కూడా పొంగలేదు. డాక్టరమ్మ నా మొహం చూసి "అలర్జీ మాత్ర ఏమైనా వేసుకున్నారా?" "లేదండీ, మీరు వారం ముందే ఆపమన్నారు కదా." "ఇంకేదైనా?" "నిన్న రాత్రి జలుబు మాత్ర ఒకటి." ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. రానూపోనూ బస్సు చార్జీ, ఒకరోజు జీతం గంగపాలు.

సరుగుడు_తోట
రాజాంకి రైలెక్కడిదండీ?

రాజాం_రైలు
లేదనే ఆ పేరు పెట్టుకున్నా. కోరిక.

మందుల_కొట్టు
పైన రైలు గారి పొరపాటు నూటికి ఎంతమందో చేస్తారు. జలుబు మాత్రల్లో, చాలా దగ్గు సిరప్‌లలో క్లోర్‌ఫెనిరమిన్ కలిసి ఉంటుంది, అదీ యాంటీహిస్టమినే, అంటే హిస్టమిన్‌ని అడ్డుకుని బుడిపె లేవనివ్వని మందు. సెట్రిజిన్, లీవోసెట్రిజిన్, ఫెక్సోఫెనాడిన్ సరేసరి. దురదకి వాడే హైడ్రాక్సిజిన్ కూడా. నిద్రకో దిగులుకో వాడే కొన్ని పాత రకం మాత్రలు కూడా అడ్డొస్తాయి, అయితే అవి మీ అంతట మీరు ఆపొద్దు, డాక్టరుకి చెప్పండి. ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే ఆపక్కర్లేదు. కాకపోతే ఈమధ్య స్టెరాయిడూ అజెలాస్టినూ కలిపిన స్ప్రేలు బాగా రాస్తున్నారు, అందులో రెండోది మళ్లీ యాంటీహిస్టమిన్. ఎందుకొచ్చిన గొడవ, వాడే డబ్బాలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి.

నాగావళి_గట్టు
మరి రక్తపరీక్షకి మాత్రలు ఆపాలా? ఆపితే నేను వారం రోజులు ఆఫీసులో మనిషిలా ఉండను.

ఈఎన్‌టీ_పీజీ
ఐజీఈ రక్తపరీక్షకి ఏదీ ఆపక్కర్లేదు. మాత్ర ఆపలేనివాళ్లకి, చర్మమంతా ఎగ్జిమా ఉన్నవాళ్లకి, గోరుతో గీస్తేనే గీత వాచిపోయేవాళ్లకి, గర్భిణులకి, బీపీకో గుండెకో బీటా బ్లాకర్ వాడేవాళ్లకి రక్తమే మేలు. మిగతావాళ్లకి గుచ్చే టెస్టు చవక, అరగంటలో జవాబు, పట్టుకోవడంలోనూ కాస్త ముందుంటుంది. చాలా అరుదుగా ఒళ్లంతా రియాక్షన్ రావచ్చు, అందుకని అడ్రినలిన్ ఇంజెక్షన్ చేతికి అందేచోటే చేయించుకోవాలి. ఇంటికొచ్చి గుచ్చుతామనేవాళ్ల దగ్గర వద్దు. పిల్లికూతలు, ఆయాసం అదుపులో లేనివాళ్లకి ముందు ఊపిరితిత్తుల సంగతి చూడాలి.

"మొత్తం ఐజీఈ" అని ఒక్క అంకె ఇచ్చే టెస్టు ఇంకోటి ఉంది. కడుపులో పురుగులున్నా అది పెరుగుతుంది. దేనికి పడదో మాత్రం చెప్పదు.

సరుగుడు_తోట
మాది తీరం పక్క ఊరు, చుట్టూ సరుగుడే. నాకు ఏడాదంతా ఉండదు, సరుగుడు పూత రాలే రోజుల్లోనే. పసుపుగా పొడి రాలి స్కూటర్ సీటు మీద పేరుకుంటుంది. టెస్టు చేయిస్తే అన్నీ నెగెటివ్. తర్వాత తెలిసిందేంటంటే వాళ్ల సీసాల్లో సరుగుడు పుప్పొడి లేనే లేదట. వయ్యారిభామ ఉంది, సర్కారు తుమ్మ ఉంది, ఇంకేవో చలిదేశం చెట్లూ ఉన్నాయి. మా ఊళ్లో లేని చెట్టుకి నన్ను పరీక్షించి ఏం లాభం?

ఈఎన్‌టీ_పీజీ
అందుకే సీసాల జాబితా ముందే అడగండి. సరుగుడు పుప్పొడికి అలర్జీ ఉంటుందని మన దేశంలోనూ నమోదైంది.

బొబ్బిలి_బుల్లోడు
విశాఖలో హుద్‌హుద్ తుపాను తర్వాత వేసిన ఏడాకుల పాల చెట్ల సంగతేంటి? పూసే కాలంలో మా చెల్లెలు తలుపులు తీయదు.

పలాస_పాసింజర్
వాసన పడకపోవడం వేరు, అలర్జీ వేరు అని నాకు చెప్పారు. మాది జీడిపిక్కలు కాల్చే వీధి. ఆ పొగకి నా ముక్కు కుళాయి. అగరుబత్తి, సెంటు, ఏసీ గదిలోంచి ఎండలోకి రావడం దేనికైనా అంతే. గుచ్చి చూస్తే హిస్టమిన్ తప్ప ఏదీ పొంగలేదు (జలుబు మాత్ర వేసుకోలేదు, ఒట్టు). పొగా ఘాటూ ముక్కుని గీరతాయి గానీ ఐజీఈతో పనిలేదట. కాబట్టి టెస్టులో ఎప్పటికీ దొరకదు. మూడేళ్లు రోజుకో అలర్జీ మాత్ర మింగాను, దానికి అది పెద్దగా పనిచేయదని అప్పుడు తెలిసింది. స్ప్రే మార్చారు, ఇప్పుడు నయం.

పొందూరు_పిన్ని
ఆ స్ప్రేలు స్టెరాయిడ్ కదమ్మా. ఎముకలు గుల్లయిపోవూ?

ఈఎన్‌టీ_పీజీ
మింగే మాత్రలకీ దీనికీ పోలిక లేదు పిన్ని గారూ. మోతాదు మైక్రోగ్రాముల్లో, రక్తంలోకి పోయేది అతి కొద్ది. ఫ్లూటికసోన్, మోమెటసోన్ లాంటివి. అసలు చిక్కు ఏంటంటే జనం రెండు రోజులు కొట్టి "పనిచేయలేదు" అని పారేస్తారు. పూర్తి గుణం కనపడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఇంకోటి, మధ్య దూలానికి గురిపెట్టి కొడతారు, పుండై రక్తం వస్తుంది. కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో, చెవి వైపు చూసేలా కొట్టాలి. కొట్టాక గట్టిగా పీల్చొద్దు, పీలిస్తే గొంతులోకి పోతుంది.

గట్టు గారూ, మందుతో మామూలుగా గడిచిపోయేవాళ్లకి టెస్టు అవసరమే లేదు. మీకు ఆరేళ్లు, రోజూ, పనికి అడ్డం. మీ విషయంలో చేయించడం సబబే. కానీ ముందు చుక్కలు మాన్పించుకోండి.

గోనెసంచి
టెస్టు తర్వాత ఏం చేస్తారన్నది కూడా ఆలోచించుకోవాలి. నాకు నాలుక కింద చుక్కల వైద్యం (పడని వస్తువునే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేయడం) మొదలుపెట్టి రెండేళ్లయింది, మూడు నుంచి అయిదేళ్లు వాడాలట. మొదటి ఆరు నెలలు ఏ తేడా లేదు, తిట్టుకున్నా. ఇప్పుడు మాత్ర పండక్కో పబ్బానికో.

గంటస్తంభం
మా తమ్ముడు ఇంజెక్షన్ల రకం వేయించుకున్నాడు. వేసిన ప్రతిసారీ అరగంట అక్కడే కూచోబెడతారు. ఏడాదికి మానేశాడు, బస్సు తిరుగుళ్లు పడలేక. గుణం కనిపించిందంటాడు, వాళ్లావిడ కనిపించలేదంటుంది.

బొబ్బిలి_బుల్లోడు
ఇదంతా ఎందుకు, మృగశిర కార్తెకి హైదరాబాదు వెళ్లి చేపమందు మింగితే పోలా?

మందుల_కొట్టు
అది ఉబ్బసానికంటారు, తుమ్ములకి కాదు. నువ్వు ముందు నీ పాత బాకీ కట్టు.

నాగావళి_గట్టు
ఆరు వారాల తర్వాత వస్తున్నా. చాలామంది మెసేజీలు పెట్టారు, అందుకే వివరంగా.

ల్యాబ్ ప్యాకేజీ తీసుకోలేదు. చుక్కలు మానేశా. మొదటి నాలుగు రాత్రులు నరకం, నోటితో ఊపిరి, గోడకి ఆనుకుని కూచునే నిద్ర. పీజీ గారన్నట్టు స్టెరాయిడ్ స్ప్రే డాక్టరు చేత రాయించుకుని అదే సమయంలో మొదలుపెట్టా. రెండో వారానికి తొమ్మిదింటి దిబ్బడ మాయం. తుమ్ములు మాత్రం ఉన్నాయి, 12కి దిగాయి.

తర్వాత మాత్రలు వారం ఆపి విశాఖలో గుచ్చే టెస్టు చేయించా. 14 చుక్కలు. హిస్టమిన్ బుడిపె చక్కగా లేచింది (రైలు గారిని తలుచుకున్నా). దుమ్ము పురుగులు రెండు రకాలకీ పెద్ద బుడిపెలు. వయ్యారిభామకి చిన్నది. దాని మాటకొస్తే, మా ఊరి ఖాళీ స్థలాలన్నీ అదే అయినా ఆ పక్కకి వెళ్తే నాకేమీ కాదు, కాబట్టి దాన్ని పక్కన పెట్టమన్నారు డాక్టరు.

ఆయన అడిగిన ప్రశ్నలకి జవాబులు చెబుతుంటే నాకే సిగ్గేసింది. నేను పడుకునేది మా నాన్న పెళ్లినాటి బూరుగు దూది పరుపు మీద. దూదేకులాయన వచ్చి అరుగు మీద దాన్ని ఏకిన ప్రతిసారీ నాకు రెండు రోజులు కళ్లు వాచేవి. అత్తారింట్లో చాప మీద పడుకుంటే తుమ్ములు ఉండవు. దాన్ని నేను "అత్తారింటి మర్యాద" అనుకున్నా ఇన్నాళ్లూ.

ఈఎన్‌టీ_పీజీ
ఆ దూదేకడమే మీ మొదటి టెస్టు, ఖర్చు లేకుండా. ఆ పురుగు మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుంది, కంటికి ఆనదు. కుట్టదు. మన ఒంటి మీంచి రాలే పొట్టు తిని, గాల్లో తేమ పీల్చుకుని బతుకుతుంది. మన తీరం గాలి దానికి పుట్టిల్లు. దాని రెట్టలో ఉండే ప్రోటీన్లే ప్రధానంగా మన ముక్కుకి పడనివి. దిండుకీ పరుపుకీ జిప్పు ఉండే గట్టి నేత గలీబులు వేయించండి, దుప్పట్లు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికించండి. ఇవొక్కటే చేస్తే మొత్తం పోతుందని మాత్రం ఆశపడొద్దు, స్ప్రే ఆపకండి.

నాగావళి_గట్టు
గలీబుల దాకా వెళ్లలేదు. పరుపు తీసేద్దామంటే అమ్మ ఒప్పుకోవట్లేదు. "మీ నాన్న గుర్తు, ఆరేళ్ల తుమ్ములకి నలభై ఏళ్ల పరుపుని పారేస్తావా" అంటోంది. ప్రస్తుతానికి నేను హాల్లో చాప మీద, పరుపు గదిలో మంచం మీద.

పొందూరు_పిన్ని
ఆ దూది తీసి గుడ్డ బొమ్మల్లో కుక్కి పిల్లలకిచ్చెయ్యి, గుర్తూ ఉంటుంది.

మందుల_కొట్టు
అప్పుడు పిల్లలు తుమ్ముతారమ్మా.

బొబ్బిలి_బుల్లోడు
ఇంతకీ మిక్సీ?

నాగావళి_గట్టు
కొన్నాం. పొద్దున్నే ఎండుమిర్చి కారం ఆడించింది. 31.